‘మా పరిధిలో నిల్’: పాకీ పని రద్దు కోసం చేసిన పని మీద ఒక కేస్ స్టడీ

మున్సిపాలిటీ నుంచి మాకొచ్చిన జవాబులో ఉన్నది ఒక్కటే లైను. ‘మా పరిధిలో పొడి మరుగుదొడ్లు, వాటిని చేత్తో శుభ్రం చేసేవారు: నిల్.’ కింద సంతకం, గుండ్రటి స్టాంపు. ఆ స్టాంపు వేసిన బల్లకి మూడు సందుల అవతల, అదే వారంలో, నేనూ ఇంకో ఇద్దరు కుర్రాళ్లూ కలిసి ఇరవైకి పైగా అలాంటి దొడ్లు, అంటే మలం నీళ్లతో కొట్టుకుపోకుండా అక్కడే పడి ఉంటే రోజూ మనిషి ఎత్తాల్సినవి, లెక్కపెట్టి వచ్చాం. లెక్కపెట్టడమంటే ఇంటి వెనక సందులోకి వెళ్లి, గోడ అడుగున ఉండే చిన్న రేకు తలుపు ఎత్తి చూసి, డోర్ నంబరు రాసుకుని, రోజూ ఎవరొచ్చి ఎత్తుతారో కనుక్కుని రావడం. ఆ రోజు మధ్యాహ్నం అన్నం సయించలేదు ముగ్గురికీ.

ఇది 2004 నాటి మాట. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది, చట్టం మారాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి సార్ అని. మెమొరాండం ఇవ్వాలా, ధర్నా చెయ్యాలా, కోర్టుకెళ్లాలా, ఎమ్మెల్యేని పట్టుకోవాలా. నాకు మాత్రం ఆ నిల్ కాగితమే గుర్తొస్తుంది. అధికారులు మనతో వాదనకి దిగుతారనుకుని మనం పాయింట్లు రాసుకుని వెళ్తాం. వాళ్లు వాదించరు. లేదంటారు, అంతే. లేనిదాని గురించి పట్టుకుని తిరగడానికి మీకు వేరే పనేం లేదా అన్నట్టు చూస్తారు. ఆ ‘లేదు’ చేత ‘ఉంది’ అనిపించడానికి ఎంత కాలం పట్టిందో, దానికి ఎవరెవరు ఏం చెల్లించుకున్నారో, అనిపించాక కూడా అది మళ్లీ ఎలా ‘లేదు’ అయిందో రాద్దామని కూర్చున్నాను. (‘పాకీ’ అన్న మాట తిట్టుగా వాడతారని తెలుసు. ఆ పని చేసిన మనిషిని ఆ మాటతో పిలవను, పని పేరుగా మాత్రం వాడుతున్నాను, ఎందుకంటే ఊళ్లో ఆ పనికి ఉన్న పేరు అదే.)

చట్టం ఉంది, కేసు లేదు

చట్టం 1993లోనే వచ్చింది. పొడి మరుగుదొడ్లు కట్టకూడదు, మలం చేత్తో ఎత్తే పనికి మనుషుల్ని పెట్టుకోకూడదు. వింటే ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ పారిశుద్ధ్యం రాష్ట్రాల జాబితాలోది కాబట్టి, రాజ్యాంగంలోని 252వ అధికరణం కింద, ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాలు తీర్మానం చేసి అడిగితే పార్లమెంటు చేసిన చట్టం అది. అమల్లోకి వచ్చేసరికి 1997 జనవరి 26 అయింది. మిగతా రాష్ట్రాలు తమంతట తాము తీర్మానం చేసుకుంటేనే వాటికి వర్తించేది. శిక్ష ఏడాది దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అసలు మెలిక ఇంకో చోట ఉంది. ప్రభుత్వం నియమించిన అధికారి అనుమతి ఇస్తే తప్ప ప్రాసిక్యూషన్ నడిచేది కాదు. మా ఊళ్లో కొన్ని సామూహిక దొడ్లు స్వయంగా మున్సిపాలిటీవే. ప్రభుత్వం మీద కేసు పెట్టడానికి ప్రభుత్వ అధికారే సంతకం పెట్టాలన్నమాట. పెట్టలేదని వేరే చెప్పాలా?

ఇంకోటి, ఆ చట్టం చూసేది పట్టణాభివృద్ధి వాళ్లు. దాంతో ఈ మనిషి ఈ పని ఎందుకు చెయ్యాలి అన్న ప్రశ్న కాస్తా దొడ్డి ఏ మోడల్‌లో కట్టాలి అన్న ప్రశ్నగా మారిపోయింది. వృత్తి మాన్పించి పునరావాసం కల్పించే పథకం మీద 600 కోట్లకి పైగా ఖర్చుపెట్టినా లక్ష్యం నెరవేరలేదని, ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే కాగ్ 2003లోనే రాసింది.

మేం పనిచేసింది సఫాయి కర్మచారి ఆందోళన్ తెచ్చిన ఊపులో. బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ వంటివాళ్లు 1994లో మొదలుపెట్టిన సంస్థ అది. శంకరన్ గారు ఐఏఎస్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఫైలు ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో లోపలి నుంచి తెలిసినవాడు ఉద్యమం పక్కన ఉండటం ఎంత బలమో అప్పట్లో మాకు తెలియలేదు. 2003లో ఆ సంస్థ, మరికొన్ని సంఘాలు, కొందరు వ్యక్తులు కలిసి సుప్రీంకోర్టులో పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వేశారు. ఈ చట్టాన్ని అమలు చేయించండి, రాజ్యాంగంలోని 14, 17, 21, 23 అధికరణాల (సమానత్వం, అంటరానితనం రద్దు, జీవించే హక్కు, వెట్టి నిషేధం) కింద ఇది మా హక్కు అని. కోర్టు రాష్ట్రాలని అడిగింది. రాష్ట్రాల నుంచి అఫిడవిట్లు వచ్చాయి. చాలావాటి సారాంశం మా మున్సిపాలిటీ రాసిందే: నిల్.

ఫారం

ఆ నిల్ తప్పని చూపించడానికి మేం చేసిన సర్వేలో మా మొదటి ఫారం నాలుగు పేజీలు. చదువుకున్నవాళ్లం తయారు చేశాం కదా. కులం, ఉపకులం, పిల్లల చదువు, అప్పు, జబ్బులు, ఓటరు కార్డు, అన్నీ. పొద్దున్నే పనిలో ఉన్న మనిషిని ఆపి నాలుగు పేజీలు అడిగితే ఎవరు చెప్తారు? రెండు వారాల్లో అది ఒక్క పేజీ అయింది: డోర్ నంబరు, దొడ్డి ఎవరిది, ఎత్తేది ఎవరు, ఎన్నేళ్లుగా, ఏం ఇస్తారు. కింద సంతకమో వేలిముద్రో. దానితో పాటు ఫొటో. అప్పటికింకా రీలు కెమెరాలే, రీలుకి 36 బొమ్మలు. ‘ఇది ఎప్పటి ఫొటోనో’ అని కొట్టిపారేస్తారని ఆ రోజు దినపత్రిక మొదటి పేజీ దొడ్డి గుమ్మం పక్కన పెట్టి తీసేవాళ్లం. ఎవరు చెప్పారో గుర్తులేదు గానీ, మా పనిలో పనికొచ్చిన తెలివి ఏదన్నా ఉందంటే అదొక్కటే.

ఒకావిడ ఉండేది. ‘అక్కా’ అని పిలిస్తే ‘మీ అమ్మ ఈడు దాన్నిరా, అమ్మా అను’ అంది. చేతిలో వంచిన రేకు ముక్క, పొట్టి చీపురు, ఒక బకెట్టు. అంటుకోకుండా ముందు బకెట్టు అడుగున బూడిద చల్లుకునేది. రేకు ఎలా వంచితే మూల దాకా వెళ్తుందో, వానాకాలం బకెట్టు ఎందుకు సగమే నింపాలో, ఏ ఇంటివాళ్లు నీళ్లు పోస్తారు ఏ ఇంటివాళ్లు పొయ్యరు, అన్నీ వరసగా చెప్పుకుపోయింది, పనిమంతుడు తన పని గురించి చెప్పినట్టే. ఇంటికి నెలకి ఇరవై రూపాయలు. పండక్కి పాత చీర. ఫొటో తీస్తానంటే బకెట్టు తీసుకో, చేతులు తీసుకో, ముఖం వద్దు అంది. ‘మా మనవరాలి అత్తగారింట్లో నేను ఆసుపత్రిలో ఆయాని.’

అప్పటికే మేం పద్దెనిమిది మంది ముఖాలు తీసి పంపించేశాం.

దీని మీద మాలో మాకు పెద్ద గొడవే అయింది. ముఖం, పేరు లేకపోతే కోర్టులో ఎవరు నమ్ముతారు అని ఒక వాదన. నిజమే, అఫిడవిట్ అంటేనే పేరూ ఊరూ. కానీ పేరు బయటపడ్డాక ఆ మనిషి కూతురి పెళ్లి ఆగిపోతే, ఇల్లు ఖాళీ చెయ్యమంటే, ఆ నష్టం మన సంస్థ రిపోర్టులో ఏ కాలమ్‌లో రాస్తాం? చివరికి ఎవరు ఇష్టపడి ముందుకొస్తే వాళ్ల పేరుతోనే అఫిడవిట్, మిగతావాళ్లవి చేతులు, పనిముట్లు, డోర్ నంబర్లు అనుకున్నాం. ముందుకొచ్చినవాళ్లు తక్కువే. వచ్చినవాళ్లు మాత్రం గట్టివాళ్లు. నా అభిప్రాయం అడిగితే, మొదటి నెలలో మేం చేసింది తప్పు, మంచి పని కోసమే కదా అన్నది దానికి సాకు కాదు.

గడ్డపార

దొడ్లు పగలగొట్టడం ఈ ఉద్యమంలో అందరికీ తెలిసిన భాగం. చట్టం ప్రకారం అది ఉండకూడని కట్టడం, అధికారి పగలగొట్టడు, కాబట్టి మేమే పగలగొడతాం అని ఆడవాళ్లే గడ్డపార పట్టుకున్నారు. అది చూసినవాళ్లు జన్మలో మర్చిపోరు. ఇరవై ఏళ్లుగా తల వంచుకుని వెనక సందులో నడిచిన మనిషి, ముందు గుమ్మం వైపు నుంచి వచ్చి గోడ కూలగొట్టడం. పేపర్లో కూడా పడింది. మున్సిపాలిటీ వాళ్లు మర్నాడే వచ్చి శిథిలాలు ఎత్తించారు. అంత చురుకుగా వాళ్లని అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. అవి ఉంటే సాక్ష్యం కదా.

పేపర్లో పడనిది తర్వాతి నెల. పదిహేను ఇళ్లు ఎత్తే ఆవిడకి నెలకి మూడొందలు వచ్చేవి, పైన మిగిలిన కూరా అన్నం. ఒక్క రోజులో రెండూ ఆగిపోయాయి. పునరావాస రుణం ఇస్తామన్నారు, బ్యాంకు చుట్టూ ఆరు నెలలు తిప్పారు. మంజూరైన ఒకటి రెండు కూడా మధ్యవర్తుల చేతుల్లో సగమయ్యాయి. ఇద్దరు పక్క ఊరెళ్లి అదే పని మళ్లీ మొదలుపెట్టారని తెలిసినప్పుడు మా మీటింగులో ఎవరూ నోరెత్తలేదు. తర్వాతి ఊళ్లో వరస మార్చాం. ముందు ప్రతి మనిషికీ వచ్చే నెల ఏం చేస్తుందో తేలాలి. స్కూల్లో ఆయా పనో, కూరగాయల బండో, ఏదో ఒకటి. ఆ తర్వాతే గడ్డపార. దానివల్ల పని నెమ్మదించింది, ఫండింగ్ ఇచ్చేవాళ్లు ఎన్ని దొడ్లు పడ్డాయి అని అడిగితే చెప్పుకోవడానికి అంకె తగ్గింది. తగ్గితే తగ్గింది.

అంకె తిరగబడింది

కోర్టులో ఏళ్లు గడిచాయి. రాష్ట్రాలు లేదంటాయి, పిటిషనర్లు ఊరి పేరుతో, వీధి పేరుతో, ఫొటోతో ఇదిగో అంటారు, కోర్టు సంజాయిషీ అడుగుతుంది, వాళ్లు సర్వే చేస్తున్నాం అంటారు, వాయిదా. మా ఫారాలు ఎన్ని పైదాకా వెళ్లాయో నాకిప్పటికీ తెలియదు. కానీ ఈ ఓపిక పట్టిన పనికి ఎదురుచూడని చోటు నుంచి బలం వచ్చింది. 2011 జనగణన ఇళ్ల లెక్కల్లో మరుగుదొడ్డి రకం అడిగారు, అందులో మనుషులు మలం ఎత్తేవి ఒక కాలమ్. 7,94,390 అని తేలింది. నేరుగా మురుగుకాలవలోకి వదిలేవి, పశువులు శుభ్రం చేసేవి కలిపితే 26 లక్షలు దాటాయి. ఇక సంఘాలు అబద్ధం చెబుతున్నాయనడానికి లేదు, చెప్పింది ప్రభుత్వమే.

2013లో కొత్త చట్టం వచ్చింది, డిసెంబర్ 6 నుంచి అమలు. పాత చట్టంతో పోల్చి చూస్తే ఏ అడుగు ఎక్కడ పనిచేసిందో కనిపిస్తుంది. ఈసారి రాష్ట్రాల తీర్మానాల కోసం ఎదురుచూడక్కర్లేదు. చూసేది సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ, అంటే గోడల సంగతి నుంచి మనిషి సంగతికి వచ్చింది. నేరం కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్, అంటే పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చెయ్యొచ్చు, బెయిలు హక్కుగా రాదు. మురుగుకాలవలు, గుంటలు, రైలు పట్టాల మీద ఎత్తేవాళ్లు కూడా నిర్వచనంలోకి వచ్చారు. సెప్టిక్ ట్యాంకుల్లోకి, మురుగు పైపుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దింపడం 7వ సెక్షన్ కింద నిషేధం, మొదటిసారికే 2 ఏళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా. జిల్లాకో విజిలెన్స్ కమిటీ, కలెక్టర్ ఛైర్మన్. ఆ రోజు మేం స్వీట్లు పంచుకున్నాం.

పంచుకుంటూ ఒక వాక్యం సరిగ్గా చదవలేదు. నిర్వచనం కింద వివరణ ఒకటుంది: కేంద్రం నోటిఫై చేసిన పరికరాలతో, రక్షణ సామగ్రితో శుభ్రం చేసే మనిషి ఈ చట్టం దృష్టిలో ‘మాన్యువల్ స్కావెంజర్’ (చేత్తో మలం ఎత్తే మనిషి) కాడు. అంటే గ్లౌజులు తొడిగితే ఆ మనిషి లెక్కలోంచి మాయం. డ్రాఫ్ట్ దశలోనే దీని మీద గట్టిగా పోరాడాల్సింది. పెద్ద విషయాల్లో గెలుస్తున్నాం కదా అన్న ఊపులో మా జిల్లా బృందం దీన్ని తేలిగ్గా తీసుకుంది. ఆ వాక్యం ఎంత పనిచేసిందో 2021 జులైలో రాజ్యసభలో తెలిసింది. మాన్యువల్ స్కావెంజింగ్ వల్ల చనిపోయినవాళ్లు లేరని కేంద్రం జవాబిచ్చింది. ట్యాంకుల్లో చనిపోతున్నవాళ్ల మాటేమిటి అంటే అది వేరే పద్దు, ప్రమాదకరమైన శుభ్రత పని. మళ్లీ నిల్.

బ్రాకెట్లో రెండు మాటలు

పదకొండేళ్ల తర్వాత, 2014 మార్చి 27న పిల్ మీద తీర్పు వచ్చింది. 1993 నుంచి మురుగు పనిలో చనిపోయినవాళ్ల కుటుంబాలని గుర్తించి ఒక్కో మరణానికి 10 లక్షలు ఇవ్వాలన్నారు. మురుగు పని అన్న మాట పక్కన బ్రాకెట్లో మ్యాన్‌హోళ్లు, సెప్టిక్ ట్యాంకులు అని ఉంది. ఈ బ్రాకెట్ లేకపోతే మా సగం కేసులు నిలబడేవి కావు. ఆ తర్వాత 2015 డిసెంబర్‌లో దిబ్రూగఢ్‌లో బయల్దేరి 125 రోజులు దేశమంతా తిరిగి 2016 ఏప్రిల్ 13న ఢిల్లీ చేరిన భీమ్ యాత్ర గొడవంతా ఈ మరణాల మీదే, మమ్మల్ని చంపొద్దు అని. ఆ యాత్ర మా వైపు వచ్చినప్పుడు బస్సు దిగిన ఆడవాళ్లలో చాలామంది చేతుల్లో భర్తల ఫొటోలు.

2017లో మా పక్క పట్టణంలో ఒక అపార్ట్‌మెంట్ సెప్టిక్ ట్యాంకులో ఇద్దరు పోయారు. మొదట దిగినతను ఈ పని చేసేవాడే. కదలిక లేకపోయేసరికి పైన ఉన్న బావమరిది, ఆటో డ్రైవరు, బావని లాగుదామని దిగాడు. ట్యాంకు మరణాల్లో ఇలా జంటగా పోవడం మామూలే. లోపల ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెమైతే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, ఎక్కువైతే ముక్కుకి వాసనే తెలియదు. వాసన లేదు కదా, గ్యాస్ పోయిందనుకుని దిగుతారు.

నేను వెళ్లేసరికి పోలీసులు సీఆర్‌పీసీ 174వ సెక్షన్ కింద అనుమానాస్పద మృతి అని రాశారు. పంచనామాలో ‘ప్రమాదవశాత్తు జారిపడి’ అని ఉంది. ఈ మాట అలాగే ఉండిపోతే అంతా అయిపోయినట్టే. జారిపడినవాడికి పని చెప్పిన యజమాని ఉండడు, యజమాని లేకపోతే 7వ సెక్షన్ లేదు, మురుగు పని లేదు, 10 లక్షలు లేవు. కాబట్టి ఆ రాత్రంతా మా పని, వీళ్లని ఎవరో పనికి పిలిచారని చూపించే ముక్క ఒకటి వెతకడం. దొరికింది, వాచ్‌మన్ దగ్గరున్న రూళ్ల నోటుపుస్తకంలో. పాలవాడి లెక్క, కేబుల్ బిల్లు, వాటి మధ్యలో ‘ట్యాంక్ క్లీనింగ్ అడ్వాన్స్ 500’, పక్కన మృతుడి పేరు. ఆ పేజీ ఫొటో తీసి, వాచ్‌మన్ స్టేట్‌మెంట్ రాయించి, ఉన్నతాధికారి దగ్గరికి వెళ్తే నాలుగో రోజుకి ఎఫ్ఐఆర్‌లో ఐపీసీ 304-ఎ (నిర్లక్ష్యం వల్ల మరణం)తో పాటు 2013 చట్టం సెక్షన్లు చేరాయి. పెద్ద పెద్ద సెమినార్లలో పాలసీ అడ్వకసీ అని మాట్లాడుకుంటాం గానీ, చాలాసార్లు అదంతా ఇలా ఒక నోటుపుస్తకం పేజీ మాయం కాకముందే చేరుకున్నామా లేదా అన్న దగ్గర తేలుతుంది.

పరిహారం దగ్గర మళ్లీ మొదటికొచ్చింది. ప్రైవేటు అపార్ట్‌మెంట్, మాకు సంబంధం లేదు అంది మున్సిపాలిటీ. తీర్పులో ప్రైవేటు, ప్రభుత్వం అన్న తేడా ఎక్కడుందో చూపించండి అని రాశాం. జవాబు లేదు. విజిలెన్స్ కమిటీ ఎన్నిసార్లు కూర్చుందో, మినిట్స్ ఇవ్వమని సమాచార హక్కు కింద అడిగాం. 30 రోజులకి వచ్చిన జవాబు చదివితే తెలిసింది, ఒక్కసారీ కూర్చోలేదు. ఆ కాగితం జత చేసి కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కి వరసగా వెళ్లాం, వెళ్లిన ప్రతిసారీ ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని. 2019లో మొదటి కుటుంబానికి 10 లక్షలు వచ్చాయి. రెండో ఫైలు తిరిగొచ్చింది. ‘మృతుడు పారిశుద్ధ్య కార్మికుడు కాదు, ఆటో డ్రైవరు.’ తీర్పులో కార్మికులు అని లేదు, వ్యక్తులు అని ఉంది అని మళ్లీ రాశాం. ఫైలు కదల్లేదు.

2023 అక్టోబర్ 20న సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. ఇకపై జరిగే మరణాలకే కాదు, ఇప్పటిదాకా పరిహారం అందనివాళ్లకి కూడా ఆ మొత్తమే అని అందులో ఉంది. అంటే ఒకే ట్యాంకులో, పది నిమిషాల తేడాలో పోయిన ఇద్దరిలో, ఫైలు తిరగ్గొట్టించుకున్న కుటుంబానికి ఇప్పుడు 30 రావాలి. ముందే తీసుకున్నవాళ్లకి ఇంకేం రాదు.

ఇది చెప్పడానికి వాళ్లింటికి వెళ్లాను. వదినా మరదళ్లు ఇద్దరూ ఒకే వాటాలో ఉంటున్నారు. మొదటివాడి భార్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘మా ఆయనకి పది, మా అన్నయ్యకి ముప్ఫైయా అండీ?’ అంది. తీర్పులో ఆ లైను ఎలా ఉందో తెలుగులో చదివి వినిపించాను. వదినగారు తలుపు దగ్గరే నిలబడి ఉంది, అది తను అడగని డబ్బన్నట్టు. కొత్త దరఖాస్తుకి ఇద్దరు సాక్షులు కావాలి, అతను బావని లాగడానికే దిగాడని ప్రత్యక్షంగా చూసినవాళ్లు. ఆ రోజు ట్యాంకు పక్కన ఉన్నవాళ్లలో మొదటివాడి భార్యా ఉంది, కేరేజీ తీసుకొచ్చి. నా చేతిలో పెన్ను తీసుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమంది.